నాయకత్వం ఎవరి అమానత్?

ఏలూరు వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందు. సందు చివరి ఇంట్లో ముందు గది. గోడ వారగా రెండు కుట్టు మిషన్లు, వాటి మీద సగం కుట్టిన పిల్లల యూనిఫారాలు. చాపల మీద పదిహేను మంది స్త్రీలం కూర్చున్నాం. స్థానిక సంస్థల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించి మా సంస్థ ఊరూరా పెడుతున్న సమావేశాల్లో అది ఒకటి. నేను ఎప్పటిలాగే 73, 74 రాజ్యాంగ సవరణలతో మొదలుపెట్టాను. 1992లో పార్లమెంటు ఆమోదించింది, 1993లో అమలులోకి వచ్చాయి, స్త్రీలకు మూడోవంతు సీట్లు వచ్చాయి, మన రాష్ట్రంలో తర్వాత దాన్ని సగానికి పెంచారు అని చెప్పుకుంటూ పోయాను. అంతా విన్నాక మిషను పక్కన కూర్చున్న ఒకామె, "అదంతా బాగానే ఉంది అక్కా. ఆడది పెత్తనం చేస్తే ఆ జాతి బాగుపడదని హదీసులో ఉందట గదా. దానికి మీ దగ్గర జవాబుందా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్లుగా స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతున్నాను, రాస్తున్నాను. పితృస్వామ్యం అన్ని మతాల్లోనూ ఉందని చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఆమె అడిగింది అది కాదు. తను నమ్మే ధర్మంలో తన స్థానం ఎక్కడ అని అడిగింది. ఈ సంచిక సంపాదకీయం ఆ ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను. నేను ముస్లింని కాను. అరబీ చదవలేను. తెలుగు, ఇంగ్లీషు అనువాదాల్లో చదివిందీ, ఆ స్త్రీల దగ్గర విన్నదీ మాత్రమే చెప్పగలను.

ఆ వీధిలో అందరూ ఆమెను ఆపా అంటారు. పేరు రాయవద్దని అడిగింది గనుక నేనూ ఆపా అనే రాస్తాను. ఏలూరు ఒకప్పుడు తివాచీలకు పేరుపడ్డ ఊరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల సంతతి అని చెప్పుకునే కుటుంబాలు ఇక్కడున్నాయి. ఆపా తాత తివాచీలు నేసేవాడు. ఆమె బట్టలు కుడుతుంది. పదో తరగతి దాకా చదువుకుంది. ఐదు పూటలా నమాజు చేస్తుంది. వీధిలో ఎవరికి రేషను కార్డు రాకపోయినా, పింఛను ఆగినా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆమే.

2020 మార్చిలో మునిసిపల్ ఎన్నికల ప్రకటన వచ్చినప్పుడు ఆ డివిజను స్త్రీలకు రిజర్వయింది. పార్టీ వాళ్లు వచ్చి ఆపాని నిలబడమన్నారు. ఇంట్లో అందరూ సంతోషించారు. నామినేషను వేయించింది స్వయానా మరిది. "నువ్వు గెలిస్తే చాలు వదినా. మీటింగులకి నేను పోతాను. కాగితాలు ఇంటికే తెచ్చి సంతకాలు పెట్టిస్తాను" అన్నాడట. ఆమె అప్పుడేమీ అనలేదు. ఇంతలో కరోనా వచ్చింది, ఎన్నికలు వాయిదా పడ్డాయి.

ఆ ఏడాది డిసెంబరు 5 నుంచి ఏలూరులో ఏం జరిగిందో మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వన్‌టౌన్ ప్రాంతంలో మొదలై మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో ఆరువందల మందికి పైగా ఆ జబ్బున పడ్డారు. ఒకరు చనిపోయారు. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చారు. పరీక్షల్లో సీసం, నికెల్, పురుగుమందుల అవశేషాల మాట బయటికి వచ్చింది. అప్పటికి ఏలూరు నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. పాతవాళ్ల గడువు 2019 జూలైలో ముగిసింది. కొత్తవాళ్లు రావడానికి 2021 జూలై దాకా పట్టింది. అంత పెద్ద ఆపద వచ్చినప్పుడు "మా కుళాయిలో ఏం వస్తున్నది?" అని నిలదీయడానికి వీధికొక కార్పొరేటర్ కూడా లేడు.

ఆ వారమంతా ఆపా ఏ ఇంట్లో ఎవరు పడిపోయారు, ఏ కుళాయి నీళ్లు తాగారు, బోరు నీళ్లా, క్యాను నీళ్లా అని చిన్నపిల్లల నోటు పుస్తకంలో రాసింది. పడిపోయిన వాళ్లని ఆటోల్లో ఆస్పత్రికి చేర్చింది. వచ్చిన అధికారులకు ఆ పుస్తకం చూపించింది. తన వీధికి తను ఏం చేయగలదో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి మరిదితో, "గెలిస్తే మీటింగులకి నేనే పోతాను" అంది.

హదీసు బయటికి వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు పది నెలల పాటు, నామినేషను కాగితాల మీద ఆమె సంతకం ఉన్నంత కాలం, ఎవరికీ ఆ హదీసు గుర్తు రాలేదు. ఇప్పుడు బంధువులు వచ్చారు, మసీదుకు వెళ్లే పెద్దలు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఆడవాళ్లు నాయకత్వం వహించడం దీన్‌కి విరుద్ధమన్నారు. 2021 మార్చి మొదటి వారంలో, ఉపసంహరణ గడువులో, ఆమె నామినేషను వెనక్కి తీసుకుంది.

నేను ఇక్కడ ఒక విషయం గుర్తు చేయాలి. అదే ఏలూరు నగరానికి 2014లో ఒకసారి, 2021లో మరొకసారి మేయరుగా ఎన్నికైంది ముస్లిం స్త్రీ, షేక్ నూర్జహాన్. ఆమె పాలన మంచిచెడ్డలు ఇక్కడ నా విషయం కాదు. ఏ పార్టీనీ పొగడటం లేదు. ఒక ముస్లిం స్త్రీని నగర ప్రథమ పౌరురాలిగా రెండుసార్లు చూసిన ఊళ్లో, ఒక డివిజనుకు నిలబడిన మరో ముస్లిం స్త్రీకి ఇది మతవిరుద్ధం అని చెప్పగలిగారంటే, అడ్డు వచ్చింది మతమేనా, లేక ఆమె "నేనే పోతాను" అన్న మాటా అని మనం అడగాలి.

నేను ఏలూరు నుంచి తిరిగి వచ్చి ఆ హదీసు గురించి చదివాను. ఆశ్చర్యమేమిటంటే, మొరాకో దేశపు సామాజిక శాస్త్రవేత్త ఫాతిమా మెర్నిసీకి కూడా ఈ ప్రశ్న ఇలాగే ఎదురైంది. ఒక కిరాణా కొట్లో, ముస్లింలకు స్త్రీ నాయకురాలు కావచ్చా అని ఆమె మాట వరసకు అడిగితే అక్కడున్న వాళ్లు దిగ్భ్రాంతి చెందారు, ఒకాయన ఇదే హదీసు చెప్పి నోరు మూయించాడు. ఆమె దాని మూలాలు వెతుకుతూ 1987లో ఫ్రెంచిలో ఒక పుస్తకమే రాసింది. ఆ హదీసు బుఖారీ సంకలనంలో ఉంది. చెప్పిన వ్యక్తి అబూ బక్రా. (మొదటి ఖలీఫా అబూ బక్ర్ వేరు, ఈయన వేరు.) పర్షియన్లు తమ రాజు కూతుర్ని గద్దె మీద కూర్చోబెట్టారని విన్నప్పుడు ప్రవక్త అన్న మాటగా ఆయన చెప్పాడు. అయితే దాన్ని ఆయన గుర్తు చేసుకున్న సందర్భం, ప్రవక్త మరణించిన ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, 656లో ప్రవక్త భార్య ఆయేషా సైన్యం వెంట నడిచిన ఒంటె యుద్ధం. ఎటువైపు నిలబడాలో తేల్చుకోవలసిన ఘడియలో ఆ మాట గుర్తుకు రావడాన్ని మెర్నిసీ ప్రశ్నించింది.

మెర్నిసీ వాదనను సంప్రదాయ పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. హదీసు సరైనదేనంటారు. అది కూడా నిజాయితీగా చెప్పాలి. కాని ఆ హదీసును సరైనదని నమ్మే పండితుల్లోనే, అది దేనికి వర్తిస్తుందనే దాని మీద వెయ్యేళ్లకు పైగా చర్చ ఉంది. మొత్తం ముస్లిం సమాజానికి అధినేత పదవి గురించే అది చెప్పిందని అనేకులు అన్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయం స్త్రీ కొన్ని రకాల వ్యాజ్యాల్లో న్యాయమూర్తి కావచ్చునని ఒప్పుకుంది. పదో శతాబ్దపు పండితుడు తబరీ ఇంకా ముందుకు వెళ్లి అన్ని వ్యాజ్యాల్లోనూ కావచ్చునన్నాడని చెబుతారు. పెళ్లికూతుళ్లకు కానుకగా ఇచ్చే 'బిహిష్తీ జేవర్' రాసిన అష్రఫ్ అలీ థాన్వీ స్త్రీల విషయంలో ఉదారవాది ఏమీ కాడు. ఆయన కూడా, సంప్రదింపుల మీద నడిచే ప్రజాస్వామ్య పాలనకు ఈ హదీసు వర్తించదని అభిప్రాయం చెప్పాడు. ఆయన కళ్లముందే భోపాల్ సంస్థానాన్ని బేగంలు పాలించారు. 1819 నుంచి 1926 దాకా తరం తర్వాత తరం నలుగురు బేగంలు.

రాజకీయ అవసరం వచ్చినప్పుడు ఈ అభ్యంతరం ఎంత తేలిగ్గా పక్కకు తప్పుకుంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మౌలానా మౌదూదీ 1903లో ఔరంగాబాదులో, అప్పటి నిజాం రాజ్యంలో పుట్టాడు. 1941లో జమాతె ఇస్లామీని స్థాపించాడు. స్త్రీలు రాజ్యాధికార పదవుల్లో ఉండరాదని రాసినవాడు. కాని 1965 జనవరిలో పాకిస్తాన్ అధ్యక్ష ఎన్నికలో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ మీద ఫాతిమా జిన్నా పోటీ చేసినప్పుడు మౌదూదీ, ఆయన పార్టీ ఆమెనే బలపరిచారు. నియంత కన్నా స్త్రీ నయమన్నారు. దేశాధ్యక్ష పదవికే సందర్భాన్ని బట్టి అర్థం మారినప్పుడు, ఏలూరులో ఒక డివిజనుకు ఎందుకు మారదు?

ఈ సమాచారమంతా మోసుకుని నెల తర్వాత మళ్లీ ఆపా ఇంటికి వెళ్లాను. ఓపిగ్గా విన్నది. విని, "ఇంత దూరం ఎందుకు అక్కా, కార్పొరేటర్ ఏమన్నా ఖలీఫానా? కుళాయి, కాలవ, వీధి దీపం, అంతే గదా" అని నవ్వింది. తర్వాత ఆమె చెప్పింది నేను చదివిన పుస్తకాల్లో వేటికీ తీసిపోదు.

తనని నిజంగా భయపెట్టింది పెద్దలు చెప్పిన హదీసు కాదని చెప్పింది. పదవి కోరి అడిగినవాళ్లకు ప్రవక్త పదవి ఇవ్వలేదని ఇంకో హదీసు ఉందట. పదవి అమానత్ అని, అంటే మనకు అప్పగించిన సొమ్ము లాంటిదని, దాని హక్కు తీర్చలేనివాళ్లకు తీర్పు దినాన అది అవమానమూ పశ్చాత్తాపమూ అవుతుందని మరొకటి. అవి విన్నప్పుడు, నాకెందుకీ భారం అనుకుందట. కాని యూసుఫ్ ప్రవక్త ఈజిప్టు రాజును తనంత తానే అడిగాడు గదా, ధాన్యపు కొట్లు నాకు అప్పగించు, నేను కాపాడగలను, నాకు తెలుసు అని! కరువు రాబోతున్నదని తెలిసినవాడు, పని చేతనైనవాడు అడగడం తప్పు కాదు. నోటు పుస్తకంలో తన వీధి లెక్క రాసిన తర్వాత తనకు ఆ సూరా అర్థమయిందంది.

"మరి మీ మరిది చెప్పినట్టు చేస్తే గొడవే ఉండేది కాదుగా?" అని అడిగాను. ఆమె జవాబు ఇది: "సంతకం నాదైతే లెక్క నాది అక్కా. ఒకరి బరువు ఇంకొకరు మొయ్యరని ఖురాన్‌లో ఉంది. ఖయామత్ రోజున నన్ను అడుగుతారు గాని మా మరిదిని అడుగుతారా?"

నేను ఎన్నో శిక్షణ శిబిరాల్లో భర్తల పెత్తనం గురించి మాట్లాడాను. మీ హక్కు మీరు వాడుకోండి అని చెబుతూ వచ్చాను. ఆమె హక్కు అనే మాట వాడలేదు. బాధ్యత అంది, లెక్క అంది. మారు మనిషి చేత పెత్తనం చేయించడం ఆమె దృష్టిలో చట్టవిరుద్ధం మాత్రమే కాదు, అమానత్‌ను ఇంకొకరికి తాకట్టు పెట్టడం. ఇస్లామిక్ ఆలోచనలో రాజకీయ నాయకత్వానికీ ఆత్మ జీవితానికీ ఉన్న ముడి ఇక్కడ ఉందని నాకు అనిపించింది.

ఆ ముడిని ఎలా అర్థం చేసుకోవాలనే దాని మీద ఆధునిక కాలంలో పెద్ద చర్చలే జరిగాయి. 1924 మార్చిలో టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేసింది. ఆ పదవి కోసం మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం నడిచింది. అందులో అలీ సోదరుల తల్లి బీ అమ్మ ఊరూరా తిరిగి బహిరంగ సభల్లో మాట్లాడింది. ఆమెను ఆనాడు ఎవరూ ఇంట్లో కూర్చోమనలేదు. ఖలీఫా లేని లోకంలో ముస్లిం ఎలా బతకాలి? ఈజిప్టు పండితుడు అలీ అబ్దుర్రాజిక్ 1925లో, ప్రవక్త తెచ్చింది సందేశమే గాని ఫలానా ప్రభుత్వ రూపం కాదని రాశాడు. అందుకు అల్ అజ్‌హర్ పండిత వర్గం ఆయనను బహిష్కరించింది. మౌదూదీ సరిగ్గా వ్యతిరేక దిక్కుకు వెళ్లి, సార్వభౌమత్వం దేవుడిది గనుక రాజ్యం కూడా ఆ ధర్మం కిందే ఉండాలన్నాడు. మౌలానా ఆజాద్ ఖురాన్‌కి వ్యాఖ్యానం రాస్తూనే, 1940లో రామ్‌గఢ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా, ముస్లింగా ఉండటానికీ భారతీయుడిగా ఉండటానికీ వైరం లేదని నిలబడ్డాడు. వీళ్లంతా గొప్ప పండితులే. కాని ఈ చర్చలో స్త్రీ ఎక్కడుంది? రాజ్యం దేవుడిదా ప్రజలదా అని మగవాళ్లు వాదించుకుంటున్నంత సేపూ ఇంట్లో పెత్తనం ఎవరిదనే ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మూల గ్రంథంలో మాత్రం స్త్రీ అంత దూరంగా లేదు. వ్యవహారాలు సంప్రదింపుతో నడపాలని చెప్పే షూరా సూరా ఆ సంప్రదింపు మగవాళ్ల మధ్యనే అనలేదు. నమ్ల్ సూరాలో సబా రాణి కథ ఉంది. సులేమాన్ ఉత్తరం వచ్చినప్పుడు ఆమె తన పెద్దలను పిలిచి సలహా అడుగుతుంది. వాళ్లు మా దగ్గర బలం ఉంది అంటారు. రాజులు ఊళ్లో జొరబడితే ఏమవుతుందో తెలిసిన ఆమె యుద్ధానికి తొందరపడదు. ముమ్తహినా సూరాలో స్త్రీలు ప్రవక్త దగ్గరికి వచ్చి స్వయంగా ప్రమాణం చేయడం గురించి ఉంది. వాళ్ల తరఫున భర్తలు చేయలేదు. ప్రతి ఒక్కరూ తమకు అప్పగించిన మందకు కాపరులే, ప్రతి కాపరినీ లెక్క అడుగుతారు అనే హదీసులో స్త్రీని కూడా కాపరిగానే చెప్పారు. ఇంటికి కాపరి అన్నారు నిజమే. ఆ ఇంటి కుళాయిలో విషం వస్తే ఆ కాపరి ఇల్లు దాటి మునిసిపల్ ఆఫీసుకు వెళ్లక ఏం చేస్తుంది?

ఇవన్నీ చెప్పి, ఇస్లాంలో స్త్రీకి సమానత్వం పూర్తిగా ఉంది, తప్పంతా మనుషులదే అని తేల్చడం నా ఉద్దేశం కాదు. పురుషులకు స్త్రీల మీద బాధ్యతో పెత్తనమో ఇచ్చినట్టు చదవగలిగిన వాక్యం నిసా సూరాలో ఉంది. దాన్ని ఎలా చదవాలో 1992లో అమీనా వదూద్ లాంటి ముస్లిం స్త్రీలు కొత్తగా వివరించారు. ఆ వాదం ఇంకా తెగలేదు. తేల్చవలసింది వాళ్లు. వాళ్లకు ఆ వాదంలో కూర్చునే చోటు దొరుకుతున్నదా లేదా అన్నదే మనం పట్టించుకోవలసిన విషయం.

దొరకడం లేదు. మన ఊళ్లలో ముస్లిం సమాజం తరఫున మాట్లాడేది మసీదు కమిటీ, వక్ఫ్ ఆస్తుల ముతవల్లీలు, పార్టీల మైనారిటీ నాయకులు. మూడు చోట్లా దాదాపు అందరూ మగవాళ్లే. 2013 సవరణతో రాష్ట్ర వక్ఫ్ బోర్డులో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలన్న నియమం వచ్చింది. ఊరి కమిటీ దాకా ఆ నియమం రాలేదు. స్త్రీలు మసీదులోకి వెళ్లి నమాజు చేయడానికి మతంలో అడ్డు లేదని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆపా వాళ్ల వీధి స్త్రీలలో ఒక్కరు కూడా ఆ వీధి మసీదు లోపల ఎలా ఉంటుందో చూడలేదు. శుక్రవారం బయాన్‌లో ఏం చెప్పారో మగవాళ్లు ఇంటికి వచ్చి చెబితేనే తెలుస్తుంది. వాళ్లు ఏది చెబితే అదే మతం.

ఇంతవరకు చదివి, ఇది ముస్లింల సమస్య అనుకునే పాఠకులు ఎవరైనా ఉంటే వాళ్లను తాడేపల్లిగూడెం తీసుకువెళ్తాను. ఉల్లిపాయల మార్కెట్‌కి దగ్గర్లోని ఒక హాల్లో మేము ఎన్నికైన స్త్రీలతో రెండు రోజుల సమావేశం పెట్టాం. చుట్టుపక్కల సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. కొల్లేరు లంక గ్రామాల నుంచి కూడా కొందరు వచ్చారు. హాలు బయట చెట్ల కింద మోటారు సైకిళ్ల మీద భర్తలు కూర్చున్నారు. ఆపా పేరు చెప్పకుండా ఆమె మాట చెప్పాను: సంతకం నాదైతే లెక్క నాది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక సర్పంచి లేచింది. ముస్లిం కాదు, పెద్దింట్లమ్మకు మొక్కే మనిషి. "మా ఊళ్లో సంతకం కూడా నేను పెట్టను మేడం. కంప్యూటర్ తాళం మా ఆయన జేబులో ఉంటుంది. చెరువు గట్ల మాట, డబ్బు మాట పెద్దలే తేలుస్తారు. కాని ఆడిట్‌లో లెక్క తేలలేదని వచ్చిన నోటీసు మాత్రం నా పేరునే వచ్చింది" అంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు లంకలు నీట మునిగినప్పుడు ఊళ్లో తాగునీటి క్యాన్లు ఎన్ని కావాలో ఇంటింటి లెక్క తెలిసింది తనకేనని, అధికారులతో మాట్లాడింది మాత్రం భర్తేనని చెప్పింది.

ఆ ఊళ్లో హదీసు లేదు. ఉన్నది కట్టుబాటు, మర్యాద, ఊరి పెద్దరికం. ఆపాను నామినేషను వెనక్కి తీసుకోమన్నారు, ఈమెను గెలిపించి ఇంట్లో ఉంచారు. ఇద్దరి దగ్గరా కావలసింది పేరు ఒక్కటే. ఒకామె తీర్పు దినం గురించి భయపడింది, ఇంకొకామె చేతికి నోటీసు వచ్చింది. లెక్క చెప్పవలసింది ఇద్దరూ స్త్రీలే.

మన స్త్రీల సంఘాల గురించి కూడా ఒక మాట. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు, 1986లో చట్టం వచ్చినప్పుడు మనం ముస్లిం స్త్రీల గురించి చాలా మాట్లాడాం. వాళ్లతో తక్కువ మాట్లాడాం. ఉమ్మడి పౌరస్మృతి కావాలని తీర్మానాలు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చినవాళ్లే అదే నినాదాన్ని ఎత్తుకున్నారని ఆలస్యంగా గమనించాం. మూడు తలాఖుల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పు, 2019లో చట్టం వచ్చినప్పుడు కూడా స్త్రీ ఒక పక్క తన మతపెద్దలకూ, మరో పక్క తన సమాజాన్నే అనుమానించే రాజకీయానికీ మధ్య నలిగింది. బయటివాళ్లు తమను వేలెత్తి చూపుతారేమోనన్న భయం ఇంటి విషయం బయట మాట్లాడనివ్వదు. ఆ భయాన్ని ముందు మనం అర్థం చేసుకోవాలి. చిన్న విషయాల్లో కూడా మనం తప్పాం. మా సంస్థ సమావేశాన్ని ఒకసారి రంజాన్ నెలలో మధ్యాహ్నం పెట్టి, భోజనాలు ఏర్పాటు చేసి, ముస్లిం స్త్రీలు ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయాం.

దారి చూపినవాళ్లు పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. తమిళనాడు పుదుక్కోట్టైలో షరీఫా ఖానం స్త్రీలనే జమాత్‌గా కూడగట్టింది. మగవాళ్ల జమాత్‌లు స్త్రీల గైరుహాజరీలో తలాఖులు, తగువులు తేలుస్తుంటే, అవే తగువులను స్త్రీలు కూర్చుని వినడం మొదలుపెట్టారు. తమిళ కవయిత్రి సల్మా యుక్తవయసు నుంచి ఏళ్ల తరబడి ఇంట్లో బందీ, దొంగచాటుగా కవిత్వం రాసింది. తువరంకురిచ్చి పంచాయతీ స్త్రీలకు రిజర్వు కావడంతో ఇంట్లోవాళ్లు ఆమెను నిలబెట్టారు. 2001లో గెలిచింది. అందరూ ఆమెను పేరుకే అనుకున్నారు, ఆమె నిజంగానే కుర్చీలో కూర్చుంది. 2025లో రాజ్యసభకు వెళ్లింది. మన తెలుగులో షాజహానా 'నఖాబ్' వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. గొంతులు లేవని మనం అనలేం, వినలేదని మాత్రమే అనాలి.

2021లో ఎన్నికైన పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఎన్నికలు ఎప్పుడు జరిగినా మన సంఘాలు ముందుగా చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. నామినేషను రోజున కాదు, దానికి ఏడాది ముందు నుంచే ముస్లిం వాడల్లో వార్డు సమస్యల మీద స్త్రీల బృందాలు ఏర్పడాలి. నీళ్లు, కాలవలు, రేషను, బడి, వీటి లెక్కలు వాళ్ల చేతుల్లో ఉండాలి. ఖురాన్‌ను తెలుగులో చదువుకునే స్త్రీల కూటములు పెట్టుకోవడానికి వాళ్లు ముందుకొస్తే, మనం చోటు ఇవ్వాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు. తెలుగులో అనువాదాలు 1920లలో చిలుకూరి నారాయణరావు కాలం నుంచీ ఉన్నాయి. మసీదు కమిటీల్లో స్త్రీలకు చోటు, వక్ఫ్ ఆదాయంలో విధవలకూ విడాకులు పొందినవాళ్లకూ ఖర్చు పెట్టిన లెక్క అడిగే స్త్రీల వెనక మనం నిలబడాలి. ఇక మన సమావేశాలకు వచ్చే భర్తలకు చెట్టు కింద కుర్చీలు వేయడం మానేద్దాం. హిందువులైనా, ముస్లింలైనా, క్రైస్తవులైనా ఇంటికి పంపేద్దాం.

మొన్న బయలుదేరే ముందు ఆపాని అడిగాను, మళ్లీ అవకాశం వస్తే నిలబడతావా అని. వెంటనే జవాబు చెప్పలేదు. బీరువా పైనుంచి ఆ నోటు పుస్తకం తీసి చూపించింది. 2020 డిసెంబరు పేజీల తర్వాత కూడా ఆమె రాయడం ఆపలేదు. ఏ కుళాయి ఎన్ని రోజులు రాలేదు, ఏ కాలవ ఎప్పుడు తీశారు, తేదీలతో సహా ఉంది. "పదవి ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది నా అమానత్ అక్కా. ఈసారి పేరు వేస్తే నేనే వేసుకుంటాను, తీస్తే నేనే తీస్తాను" అంది.

మీ ఊళ్లలో ఇలాంటి నోటు పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో వెతకండి. ఆ స్త్రీల అనుభవాలు, వాళ్లకు ఎదురైన ప్రశ్నలు మాకు రాయండి. ఏకీభవించని వాళ్లూ రాయండి. వచ్చే సంచికలో ఆ చర్చకు పేజీలు కేటాయిస్తాం.

– సంపాదకవర్గం తరఫున